మైదానములో నాదాచార్యుడు: విలియం పి. ఫాస్టరు

బ్యాండు అనగానే మన తెలుగువారికి మొదట స్ఫురించునది పెండ్లి ఊరేగింపు. ఎర్రకోటులు తొడిగి, జరీ అంచు టోపీలు పెట్టుకొని, దీపాల వెలుగులో వీధి దుమ్ము త్రొక్కుచు, ఒకడు క్లారినెట్టును, ఒకడు ట్రంపెట్టును, వేరొకడు పెద్ద డ్రమ్మును మ్రోగించుచుండగా వెనుక పెండ్లికొడుకు కారులో కూర్చుండి వచ్చును. ఆ మేళగాండ్రకు ఆ పాట నేర్పినవాడెవడో, తప్పిన స్వరమును దిద్దినవాడెవడో మనము అడుగము. తెల్లవారిన పిమ్మట వారికీయవలసిన రూకలనుగూర్చి బేరమాడుదుము, అంతటితో సరి. పోలీసు బ్యాండును కొంత గౌరవముతో చూతుము. ఎన్.సి.సి. కవాతునాడు కళాశాల బ్యాండును సహింతుము. సంగీతమను మాటను మాత్రము త్యాగరాజస్వామికిని సభామందిరమునకును విడిచిపెట్టితిమి. కావున ఒక విశ్వవిద్యాలయమున బ్యాండు నడపుటయే వృత్తిగా 52 ఏండ్లు పనిచేసి, ఆ వృత్తిలోనే ఆచార్యపదవిని, దేశగౌరవమును అందుకొన్నవాని కథ మనవారికి వింతగా తోచవచ్చును. ఆ వింతకొరకు కాదు. ఆయన ఉపాధ్యాయుడు కావున, ఉపాధ్యాయులు తెలిసికొనదగిన మంచియు చెడ్డయు రెండును ఆ కథలో ఉన్నవి కావున చెప్పబూనితిని.

ఆయన పేరు విలియం పాట్రిక్ ఫాస్టరు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫ్లారిడా రాష్ట్రమునకు రాజధాని టాలహాసీ. అక్కడ ఫ్లారిడా ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయము కలదు. వ్యవసాయము, యంత్రవిద్య అను రెండు మాటల ఇంగ్లీషు పొడియక్షరములే ఆ 'ఎ అండ్ ఎం'. నల్లజాతివారిని ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుటకై 1887లో పెట్టిన పాఠశాల అది. క్రమముగా కళాశాలయై, 1953లో విశ్వవిద్యాలయమైనది. 1946 నుండి 1998 వరకు ఫాస్టరు అక్కడి బ్యాండుకు దర్శకుడు. 'మార్చింగ్ హండ్రెడ్', అనగా కవాతు చేయు నూర్గురు, అను పేర ఆ బ్యాండు లోకప్రసిద్ధము.

ఆయన చేసిన పని ఎంతటిదో తెలియవలెనన్న ముందుగా ఆ దేశపు ఆచారము నొకదానిని తెలిసికొనవలెను. అక్కడి విశ్వవిద్యాలయములకు ఫుట్‌బాలు పందెములు మన తిరునాళ్ల వంటివి. (వారి ఫుట్‌బాలు మనము కాలితో తన్నెడి బంతియాట కాదు, కోలగానుండు బంతిని చంకనిడుకొని పరుగెత్తు ఆట.) ఆట సగమైన పిమ్మట ఆటగాండ్రు విశ్రాంతికి పోవుదురు. కళాశాల పందెములలో ఆ విరామము 20 నిమిషములు. ఆ 20 నిమిషములును మైదానము బ్యాండువారిది. పూర్వము వీరు సైనికుల తీరున వరుసగా నడచి, వాయించి, వెడలిపోవుచుండిరి. 1907లో పర్డ్యూ విశ్వవిద్యాలయపు బ్యాండువారు ఆ వరుసలను విడి, తమ విద్యాలయపు పేరులోని తొలి అక్షరమైన 'పి' అను ఇంగ్లీషు అక్షరము ఆకృతిలో మైదానముపై నిలిచిరి. అది మొదలు ఆ మైదానమొక పలకవలెను, వాద్యకారులు బలపపు గీతలవలెను అయిరి. బ్యాండు వాయించుటతో పాటు వ్రాయుటయు నేర్చెను.

ఇందులోని లెక్క మన విద్యార్థులకు రుచించును. ఆ మైదానము పొడవు 100 గజములు. ప్రతి 5 గజములకు ఒక తెల్లగీత. వాద్యకారుడు ఒక గీతనుండి మరియొక గీతకు సరిగా 8 అడుగులలో చేరవలెను. అనగా అడుగు అడుగునకు 22 1/2 అంగుళములు; తక్కువ కారాదు, ఎక్కువ కారాదు. పొట్టివానికిని పొడగరికిని అదే కొలత. ఇది చదివినపుడు నాకు మన ఆదితాళము జ్ఞప్తికి వచ్చినది. ఎనిమిది అక్షరముల ఆవర్తనము ముగియునప్పటికి పాదము తెల్లగీతపై పడవలెను. తాళము వేయుట చేతితో గాక కాళ్లతో. అదియు నూరుమంది కాళ్లతో.

మరియొక చిక్కు కలదు. శబ్దము సెకనుకు సుమారు 1,100 అడుగులు పోవును. మైదానమున ఈ కొనను మ్రోగిన డ్రమ్ము దెబ్బ, 300 అడుగుల దూరమున ఆ కొననున్నవాని చెవికి చేరుటకు పావు సెకనుకు పైగా పట్టును. నిమిషమునకు 120 దెబ్బల నడకలో ఒక్కొక్క దెబ్బకు వ్యవధి అర సెకను మాత్రమే. కావున తన చెవిని నమ్మి వాయించువాడు సగము దెబ్బ వెనుకబడును. బ్యాండులో చెవిని కొంత మరచి, ముందు నిలిచిన నాయకుని చేతికర్రను కన్నుతో చూచి వాయించుట నేర్వవలెను. సంగీతము నేర్చువానికి ఇంతకంటె కష్టమైన పాఠము లేదనవచ్చును. చెవిని పెంచుమని చెప్పిన గురువే, ఇప్పుడు దానిని నమ్మకుమని చెప్పును. ఇంతయు వల్లెలో ఉండవలెను, బరువైన వాద్యమును ఎత్తిపట్టవలెను, ఎండలో నడువవలెను. తానొక్కడు రెండడుగులు తప్పినచో వేలమంది కన్నులు ఆ తప్పునే చూచును.

ఫాస్టరు 1919 ఆగస్టు 25వ తేదీన కాన్సాస్ రాష్ట్రములోని కాన్సాస్ సిటీలో జన్మించెను. జాజ్ సంగీతమున యుగకర్తయని పేరొందిన చార్లీ పార్కరు సుమారు ఒక సంవత్సరము తరువాత అదే ఊరిలో పుట్టినవాడు. ఫాస్టరు 12వ ఏట క్లారినెట్టు పట్టెను. చదివినది సమ్నర్ హైస్కూలు. ఆ ఊరిలో నల్లజాతి పిల్లలకు వేరుగా ఏర్పరచిన పాఠశాల. ఆ వేర్పాటును గూర్చి ఒక మాట చెప్పవలెను. పాఠశాలలలో జాతిభేదము రాజ్యాంగవిరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గదా. బ్రౌన్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యము పుట్టినది ఈ కాన్సాస్ రాష్ట్రములోనే, టొపీకా నగరములో. ఫాస్టరు హైస్కూలు చదువు నాటికి ఆ తీర్పు ఎవరి ఊహలోను లేదు.

పిదప కాన్సాస్ విశ్వవిద్యాలయమున సంగీతబోధన శాస్త్రము చదివి 1941లో పట్టభద్రుడయ్యెను. ఆయన కోరిక ఆర్కెస్ట్రా నడుపుట. ఆర్కెస్ట్రా అనగా ఫిడేళ్లు మొదలు బాకాల వరకు నూరు వాద్యములు ఒక్క మనుష్యుని చేతికర్ర ననుసరించి పలుకు మహాబృందము. దాని ముందు నిలుచుట పాశ్చాత్యసంగీతమున పరమపదము. విద్యార్థిగా ఉన్నపుడు అక్కడి లలితకళాశాఖాధిపతి ఆయనను పిలిపించి, నీ మేలుకోరి చెప్పుచున్నానని, నల్లజాతివానికి ఈ దేశమున ఆర్కెస్ట్రా నడుపు ఉద్యోగము లేదని తెలియజెప్పెను. ఫాస్టరు ఈ సంగతిని జీవితాంతము చెప్పుచుండెడివాడు. ఏ తెల్లవారి బ్యాండునకును తీసిపోని, వీలైనచో దానిని మించిన నల్లజాతి బ్యాండును తయారుచేసి తీరవలెనని ఆయన ఆనాడే నిశ్చయించుకొనెను.

ఆ అధికారి చెప్పినది అబద్ధమా? ఇక్కడ కొంచెము నిలిచి ఆలోచింపదగును. ఫాస్టరు పట్టభద్రుడైన ఆ 1941లోనే డీన్ డిక్సన్ అను నల్లజాతి యువకుడు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాను నడిపెను. అట్టి గౌరవమందిన మొదటి నల్లజాతివాడు ఆయన. అందరును మెచ్చుకొనిరి, ఉద్యోగము మాత్రము ఒక్కరును ఈయలేదు. 1949లో ఆయన దేశము విడిచి యూరపునకు పోయి, స్వీడనులోని గోథెన్‌బర్గ్‌లోను, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులోను, కొంతకాలము ఆస్ట్రేలియాలోని సిడ్నీలోను ఆర్కెస్ట్రాల కధిపతియై ఉండెను. అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకు నల్లజాతివాడు సంగీతదర్శకుడగుట 1968లో గాని జరుగలేదు. అతడు న్యూజెర్సీ సింఫనీకి నియమితుడైన హెన్రీ లూయిస్. కావున ఆ అధికారి మాట నిజమే. తన ముందున్న విద్యార్థికి లోకమునందలి అన్యాయమును యథాతథముగా చెప్పి, దానిని లోకధర్మముగా ఒప్పుకొమ్మనెను. ఉపాధ్యాయులమైన మనలో పలువురము సద్బుద్ధితోనే ఇట్టి మాటలు చెప్పుచుందుము. నీకు తగినది చూచుకొమ్మందుము. విన్నవాడు ఏమగునో మనకు తెలియదు. నూరింట తొంబదితొమ్మిదిమంది వినుకొని ఊరకుందురు. ఆ మాటకు కోపగించుకొనినవాని కథ మాత్రమే మన వరకు వచ్చినది.

తరువాతి ఐదేండ్లు ఆయన మూడు చోట్ల పనిచేసెను: మిస్సౌరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ హైస్కూలు, జార్జియాలోని ఫోర్టు వ్యాలీ కళాశాల, అలబామాలో బుకర్ టి. వాషింగ్టన్ స్థాపించిన టస్కీజీ విద్యాసంస్థ. మూడును నల్లజాతివారి విద్యాలయములే. వేరొకచోట ఆయనకు ఉద్యోగము దొరకు కాలము కాదు. 1946లో టాలహాసీ చేరెను. అప్పటికాయనకు 27 ఏండ్లు నిండలేదు, లేదా అపుడే నిండినవి. చేతికి వచ్చిన బ్యాండులో ఇరువదిమంది కూడ లేరు.

యుద్ధము ముగిసి సైనికులు కళాశాలలకు తిరిగివచ్చుచున్న రోజులవి. జాజ్ లోకమున తరువాత కీర్తి గడించిన కేనన్‌బాల్ ఆడర్లీ, నాట్ ఆడర్లీ సోదరులు ఆ కాలమున అక్కడి విద్యార్థులే. శక్తి లేకపోలేదు, దానిని ఒక కట్టుబాటులోనికి తెచ్చువాడు కావలసియుండెను. నాలుగేండ్లలో, 1950 నాటికి, బ్యాండులో 100 మంది చేరిరి. ఆ పేరు అప్పుడు వచ్చినదే. తరువాత సంఖ్య 200, 300 దాటి 400 వరకు పోయినను పేరు మాత్రము 'నూర్గురు' అనియే నిలిచినది. ఇందులో మనకు ఆశ్చర్యమేమియు లేదు. మన శతకములలో నూటెనిమిది పద్యములున్నను శతకమనియే అందుము గదా.

ఆయన కొత్తగా చేసినదేమి? అంతకుముందు కళాశాల బ్యాండునకు ఒకటే నడక ఉండెను, సైనికుల నడక. ఫాస్టరు నడకకు కాలభేదములు కల్పించెను. నిమిషమునకు 20 అడుగులు మాత్రమే వేయు అతివిలంబపు నడక, శవయాత్రవలె సాగునది, ఒకటి. నిమిషమునకు 300 అడుగులు మించిన అతిద్రుతపు నడక, కన్నునకు పరుగుగా తోచునది, మరియొకటి. మోకాలు ఎత్తినపుడు తొడ నేలకు సమాంతరముగా లేవవలెను, కాలివ్రేలు క్రిందికి చూడవలెను. వాద్యము ప్రక్కలకు ఊగునపుడు నూరు వాద్యములును ఒకే కోణమున ఊగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆయన మైదానముమీదికి నాట్యమును తెచ్చెను. నల్లజాతివారి వాడలలో, వారి చర్చీలలో, వారి పండుగలలో పుట్టిన లయను, ఆనాటి యువకులు పాడుకొను కొత్తపాటలను తెచ్చి, శాస్త్రీయసంగీతపు ఘట్టముల సరసన నిలిపెను. దేశమందలి బ్యాండులు ఈ పద్ధతులను తరువాత అనుకరించెను. ఆ పద్ధతులు ముప్పదికి మించునని లెక్కించువారున్నారు.

ఇట్టి నాట్యమును చూచి, ఇది వినోదమేగాని విద్య కాదని పెదవి విరచువారు అన్ని దేశములలోను ఉందురు. నా అభిప్రాయము వేరు. మన భరతశాస్త్రమున పాదభేదములను, చారులను ఎట్లు పేరుపేరున వర్గీకరించిరో, అట్లే ఈయన మైదానపు నడకలను వర్గీకరించి, కొలిచి, కాగితముపై పెట్టెను. 1968లో 'బ్యాండ్ పేజెంట్రీ' అను గ్రంథమును ప్రకటించెను. పైకి ఉల్లాసముగా, అల్లరిగా కన్పట్టు దానికి అడుగున ఎంత లెక్క ఉన్నదో ఆ పనిలో దిగినవానికే తెలియును. అప్పటికప్పుడు ఉప్పొంగి ఆడినట్లు కన్పించుటకై నెలల తరబడి ఒకే అడుగును వేసి వేసి చూపవలెను. కూచిపూడి నేర్పు గురువుల ఇండ్ల అరుగులమీద మనము చూచునదియు ఇదియే. సాధన జరుగు మైదానమునకు విద్యార్థులు 'ప్యాచ్' అని పేరు పెట్టుకొనిరి. ఫాస్టరునకు కూడ వారొక పేరు పెట్టిరి: 'లా', అనగా శాసనము. ఆ పేరులో ప్రేమయెంతయో, భయమెంతయో ఊహించుకొనవచ్చును.

తాను నేర్పుచునే ఆయన తానును చదువుచుండెను. 1950లో డెట్రాయిటులోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము, 1955లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునుండి విద్యాశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. రెండును ఉత్తరాది విశ్వవిద్యాలయములని గమనింపుడు. ఆయన నివసించిన ఫ్లారిడాలో తెల్లవారి విశ్వవిద్యాలయములు నల్లజాతివారిని చేర్చుకొనని కాలమది. అదే టాలహాసీలో తెల్లవారి విశ్వవిద్యాలయము మరియొకటి కలదు. రెండింటికి మధ్య దూరము కొద్దియే. నడుమ ఉన్న గోడ మాత్రము పెద్దది.

ఆ గోడను కదిలించినవారిలో ఫ్లారిడా ఎ అండ్ ఎం విద్యార్థులు ముందున్నారు. 1956 మే నెలలో ఇద్దరు విద్యార్థినులు సిటీ బస్సులో తెల్లవారికి కేటాయించిన చోట కూర్చుండి, లేవమన్నపుడు నిరాకరించి అరెస్టయిరి. దానినుండి టాలహాసీ బస్సుల బహిష్కారము పుట్టినది. 1960లో భోజనశాలలలో బైఠాయించి కొందరు విద్యార్థులు జరిమానా కట్టుట కిష్టపడక 49 దినములు జైలులో ఉండిరి. మన సత్యాగ్రహపు రోజులను ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. దక్షిణాదిలో నల్లజాతి కళాశాల జట్టును, తెల్లవారి కళాశాల జట్టును మొదటిసారి ఒకే ఫుట్‌బాలు మైదానములో తలపడినది 1969 నవంబరులో. టాంపా విశ్వవిద్యాలయముపై ఫ్లారిడా ఎ అండ్ ఎం 34-28 తేడాతో గెలిచినది. ఆ సంవత్సరమే జనవరిలో మయామీ నగరమున జరిగిన మూడవ సూపర్ బౌల్ అను జాతీయపందెపు విరామమున ఫాస్టరు బ్యాండు వాయించినది. ఆటగాండ్రకంటె ముందుగా వాద్యములు ఆ గుమ్మము దాటినవన్నమాట.

ఇటుపిమ్మట గౌరవములు వరుసగా వచ్చినవి. వాటినన్నిటిని ఏకరువు పెట్టుటకంటె రెండుమూడు చెప్పిన చాలును. కళాశాల బ్యాండులకు ఆ దేశమున అత్యున్నతమని భావింపబడు సడ్లర్ ట్రోఫీ 1985లో లభించినది; చారిత్రకముగా నల్లజాతివారివైన విద్యాలయములలో దానిని మొట్టమొదట పొందినది ఇదియే. అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషనుకు అధ్యక్షుడైన మొదటి నల్లజాతివాడు ఫాస్టరు. 1993లోను, 1997లోను అధ్యక్షుడు క్లింటన్ పదవీస్వీకారపు ఊరేగింపులో ఆయన బ్యాండు నడచెను.

కాని పారిస్ నగరము మాట వేరు. 1989 జూలై 14న ఫ్రెంచి విప్లవమునకు రెండువందల ఏండ్లు నిండెను. ఆ రాత్రి షాంజెలిజే వీథిలో జాన్ పాల్ గూడ్ అను కళాకారుడు కూర్చిన మహోత్సవపు ఊరేగింపు జరిగినది. దేశదేశములవారు అందు నడచిరి. ముందుగా చైనా విద్యార్థులు ఒక పెద్ద డోలును నడుపుచు, సైకిళ్లు త్రోసికొనుచు మౌనముగా సాగిరి. టియానన్మెన్ దుర్ఘటన జరిగి అప్పటికి ఆరువారములే. అమెరికా దేశపు ప్రతినిధులుగా ఆ ఊరేగింపునకు పోయినది సైన్యపు బ్యాండు కాదు, ధనవంతమైన ఏ ప్రసిద్ధ విశ్వవిద్యాలయపు బ్యాండును కాదు. టాలహాసీలోని నల్లజాతివారి విశ్వవిద్యాలయపు బ్యాండు. జేమ్స్ బ్రౌన్ పాటలు వాయించుచు, ముందునకు నడచునట్లు కనిపించుచునే వెనుకకు జారునట్టి 'మూన్‌వాక్' అను అడుగును వేయుచు వారు ఆ వీథిలో సాగిరి. ఆ రాత్రియే కాంకర్డ్ కూడలిలో త్రివర్ణపతాకమును వస్త్రముగా ధరించి ఫ్రెంచి జాతీయగీతమును పాడినది జెస్సీ నార్మన్. జార్జియా రాష్ట్రమున పుట్టిన నల్లజాతి గాయని. నల్లజాతివాని కుద్యోగము లేదని 1941కి పూర్వము విన్నవాడు, 70వ ఏటికి నెలన్నర తక్కువగా నున్న వయసున, తన దేశము పక్షమున అక్కడ నిలిచెను. ఆ అధికారి బ్రతికియుండి చూచియుండిన నేమనెడివాడో!

అయినను ఆయన గొప్పతనము పారిస్‌లో ఉన్నదని నేననుకొనను. ఆయన బ్యాండులో చేరువానికి వల్లెవేయించిన ఆశయములు ఆరు. మొదటిది శీలము. రెండవది చదువులో కృతార్థత. మూడవది నాయకత్వము. వాద్యమున పరిపూర్ణత నాలుగవది, కవాతున నిర్దుష్టత ఐదవది, సేవ ఆరవది. బ్యాండు నడపు ఆచార్యుడు వాద్యమునకు నాలుగవ స్థానమిచ్చెను. ఆ బ్యాండులోనివారందరును సంగీతవిద్యార్థులు కారు. రసాయనశాస్త్రము చదువువాడును, వాణిజ్యము చదువువాడును అందులో ఉందురు. ఆయన శిష్యులలో ఎందరో ఫ్లారిడాలోను, దక్షిణాది రాష్ట్రములలోను హైస్కూలు బ్యాండు ఉపాధ్యాయులైరి. వారు తమ పిల్లలను మరల టాలహాసీకి పంపిరి. గురుశిష్యపరంపర అను మాట మనము సభలలో తరచుగా వాడుదుము. అది ఎట్లు పనిచేయునో చూడవలెనన్న ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. 1998లో ఫాస్టరు విరమించినపుడు ఆ స్థానమునకు వచ్చినవాడు ఆయన శిష్యుడే. 2001లో తన ఆత్మకథను ప్రకటించి, 2010 ఆగస్టు 28న, 91వ జన్మదినము గడచిన మూడవనాడు ఆయన మరణించెను.

ఇచ్చట ఆపినచో కథ సుఖాంతము. కాని ఆపుట న్యాయము కాదు. ఫాస్టరు మరణించి 15 నెలలు నిండకముందే, 2011 నవంబరు 19న ఓర్లాండో నగరమున పందెము ముగిసిన రాత్రి, హోటలు ముందు నిలిపియున్న బ్యాండు బస్సులో, ఆ బ్యాండునకు డ్రమ్ మేజరుగా, అనగా ముందు నిలిచి నడపువానిగా, ఉన్న 26 ఏండ్ల యువకుడు తోటివారి దెబ్బలకు మరణించెను. బస్సులో ముందునుండి వెనుక వరకు రెండువరుసల దెబ్బల నడుమ నడచుట వారిలో ఒక దీక్ష. మనవారు ర్యాగింగ్ అని పిలుచునది ఇదియే. విచారణలో తేలినదేమనగా ఇది ఆ ఒక్క రాత్రి పుట్టిన క్రౌర్యము కాదు. వాద్యముల వారీగాను, స్వస్థలముల వారీగాను రహస్యకూటములుండెను. 1998లో ఒక క్లారినెట్టు విద్యార్థియు, 2001లో మరియొక విద్యార్థియు ఇట్లే దెబ్బలు తిని ఆస్పత్రి పాలైరి. ఫ్లారిడా రాష్ట్రము 2005లోనే ఇట్టి హింసను కఠినశిక్షార్హమైన నేరముగా శాసించియుండెను. మన ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధచట్టము వచ్చినది గదా. శాసనము పుస్తకములో ఉండుటకును, వసతిగృహపు చీకటిలో ఉండుటకును గల దూరము మనకును తెలియును.

బ్యాండును నిలిపివేసిరి. దర్శకుడు పదవి వదలెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడును రాజీనామా చేసెను. పలువురిపై నేరము మోపబడెను. ఒకనికి 2015లో ఆరేండ్లకు పైబడిన జైలుశిక్ష పడెను.

ఇందులో ఫాస్టరు భాగమెంత? శీలమును మొదటి ఆశయముగా పెట్టినవాని బ్యాండులోనే ఇట్టిది ఎట్లు పెరిగెను? ఆయన ఎరుగడని చెప్పుట తేలిక; ఎరిగి ఊరకుండెనని చెప్పుట అన్యాయము. నాకు తోచినది చెప్పెదను. ఎంతటి ఉన్నతమైన కట్టుబాటు గలచోటనైనను, ఆ చోట చేరుటయే మహాభాగ్యమని పిల్లలు నమ్మినపుడు, ఆ భాగ్యమునకు వెల నిర్ణయించు హక్కు తమదని ముందు చేరినవారు భావింతురు. గురువు మైదానములో అడిగిన వెల ఎండ, చెమట, వేయిసార్లు వేసిన ఒకే అడుగు. గురువు కన్ను లేనిచోట పెద్దవిద్యార్థులు అడిగిన వెల వేరు. తాము పడినది చిన్నవారును పడవలెనను పట్టుదల తరతరమునకు బలపడును; అదియు ఒక పరంపరయే. మంచి పరంపరను ఎవరు కట్టిరో వ్రాసిపెట్టుదుము. రెండవదానికి కర్త ఉండడు. చనిపోయిన యువకుడు వాద్యబృందమునకు ముందు నిలిచి నడిపినవాడు. ఫాస్టరు విద్యార్థిగా ఉన్నపుడు కోరుకొన్న స్థానమట్టిదే.

దాదాపు రెండేండ్లు ఆ మైదానమున బ్యాండు మ్రోగలేదు. 2013లో మరల అనుమతించిరి. కొత్త నియమములు పెట్టిరి. చదువులో మార్కులు, బ్యాండులో ఉండదగు సంవత్సరముల పరిమితి, ప్రమాణపత్రములు. కొత్త దర్శకునిగా వచ్చినవాడును ఒకప్పుడు ఫాస్టరు క్రింద ఆ బ్యాండులో వాయించినవాడే. 400 దాటిన సంఖ్య నూటికి కొంచెము మించినంతకు దిగెను. 1950లో పేరు పెట్టిననాటి లెక్కకు అది ఇంచుమించు సరిపోయినది. 2022 జూన్‌లో ఆ బ్యాండు విద్యార్థులు కొందరు మరల పారిస్ నగరమునకు పోయి, లూవ్ర్ ప్రాసాదపు ముంగిట ఒక వస్త్రప్రదర్శనోత్సవమున వాయించిరి. వారిలో 1989 నాటికి పుట్టినవారు బహుశః ఒక్కరును ఉండరు.